కొండదారులలో సైకిలు గేర్లు మార్చు విధము

సైకిలు మన దేశమున చిరకాలముగా సామాన్యుని వాహనము. పాలు పోయువారు, తపాలా జవానులు, బడిపిల్లలు దానినెక్కి తిరుగుటకు ఎవరియొద్దను పాఠము చెప్పించుకొనలేదు. కొండదారులకు తగినట్లు నిర్మించిన గేర్ల సైకిలు మాత్రము అట్టిది కాదు. దానిని వ్యాయామమునకై కొని, మూడు నెలలైనను తిరుగకమునుపే మోకాళ్ల నొప్పి యని గోడకు చేర్చువారు కలరు. వారిలో పలువురి విషయమున దోషము మోకాలిది కాదు, సైకిలుదియు కాదు. గేరు మార్చు తీరుది.

పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మితమైన శారీరకశ్రమ చేయుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. సైకిలు త్రొక్కుట ఇందుకు చక్కగా తగును. దేహభారమున అధికభాగమును సీటు మోయును గనుక పరుగునందువలె కీళ్లకు అదురు కలుగదు. కాని బరువైన గేరులో పండ్లు బిగబట్టి త్రొక్కువారికి ఈ లాభము దక్కదు.

గేరు చేయు పని

పెడళ్లయొద్ద ఒకటి, రెండు లేక మూడు పండ్లచక్రములుండును. వెనుక చక్రపు ఇరుసుపై అనేకము చిన్నవి, పెద్దవి వరుసగా పేర్చబడి యుండును. 26 అంగుళముల చక్రము ఒకమారు తిరిగిన సుమారు 2 మీటర్లు సాగును. చైను ముందు 42 పండ్ల చక్రముపైన, వెనుక 11 పండ్ల చక్రముపైన ఉన్నచో పెడలు ఒక్క చుట్టునకు సైకిలు ఏడున్నర మీటర్లకు పైగా పోవును. ముందు 22, వెనుక 34 ఐనచో సుమారు 1.3 మీటర్లు మాత్రమే పోవును. కొండయెక్కు పని మొత్తము తగ్గినదని కాదు. అది చిన్న చిన్న పాళ్లుగా పంచబడినది. నిండు గంగాళమును ఒక్కపట్టున ఎత్తజాలనివాడు చెంబుతో తోడిపోసినట్లే యిది.

నిమిషమునకు నలుబది చుట్లతో బరువుగా త్రొక్కునపుడు మోకాటిచిప్ప తొడయెముకకు గట్టిగా ఒత్తుకొనును. సమతలమున 70 మొదలు 90 చుట్లు, ఎక్కుడున 60కి తగ్గకుండ త్రొక్కగల గేరును ఎన్నుకొనిన ఆ ఒత్తిడి తగ్గును. శ్రమలో కొంత కాలినుండి గుండెకు, ఊపిరితిత్తులకు మారును. వ్యాయామమునకు కోరదగినది అదియే. సీటు మరీ క్రిందుగా ఉన్నచో ఏ గేరైనను మోకాలిని కాపాడజాలదు. పెడలు అడుగునకు వచ్చినపుడు మడమను దానిపై ఉంచిన కాలు నిటారుగా చాగవలెను. పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. అంతటి ఎత్తు చాలును.

చిన్నగేరున త్రొక్కుట నామోషీ యనుకొనువారు నీలగిరులను చూడవలెను. మెట్టుపాళయమునుండి కూనూరు వరకు 1899లో నడుపబడిన రైలుదారియందు, కల్లారు దాటిన పిదప పట్టాల నడుమ పండ్లకడ్డీ యుండును. రైలుయంత్రమే పండ్ల ఊత గొనుచోట మనుష్యుని తొడకండరములకు బిడియమెందులకు?

మార్చు క్షణము

సాధారణముగా కుడిచేతి మీట వెనుక గేర్లను, ఎడమచేతి మీట ముందు గేర్లను మార్చును. మీట నొక్కగానే తీగ బిగియును, లేదా సడలును. దానితో డెరైలరు అను ఉపకరణము చైనును ప్రక్కకు నెట్టును. నెట్టుటయే దాని పని. ప్రక్కచక్రముపైకి ఎక్కవలసినది కదలుచున్న చైనే. కావున పెడలు త్రిప్పకుండ గేరు మార్చరాదు. త్రిప్పవలెను, కాని బలముగా త్రొక్కరాదు. నేర్చుకొనువారు తడబడునది ఇచ్చటనే.

వెనుక డెరైలరు చైనుయొక్క క్రిందిపాయను, అనగా వదులుగా నుండు పాయను నడుపును. అందువలన అది కొంత మొరటుతనమును సహించును. ముందుది పైపాయను నెట్టవలెను. కాలిబలమంతయు ఆ పాయపైననే యుండును. గట్టిగా త్రొక్కుచు ఎడమమీట నొక్కినచో చైను మొరాయించును, పెళ్లుమని జారును, ఒక్కొక్కప్పుడు తెగును. నిలువబడి త్రొక్కుచున్నవాడు ఆ క్షణమున హ్యాండిలుపైకి తూలి పడుటయు కలదు. ముఖమునకు, మణికట్టునకు తగులు గాయములు ఇట్టివే.

దీనికి ఉపాయము సులభము. మార్చదలచినపుడు ఒక చుట్టు కొంచెము బలముగా త్రొక్కి సైకిలునకు ఊపు నీయవలెను. తరువాతి అరచుట్టు పాదము పెడలుపై ఉన్నదా లేదా యన్నంత తేలికగా త్రిప్పుచు మీటను ఒకమారు నొక్కవలెను. చైను కొత్తచక్రముపై కుదురుకొనిన చప్పుడు వినిన పిదపనే తిరిగి బలము చూపవలెను. ఒకేమారు మూడు నాలుగు గేర్లు దాటించుట తొలిదినములలో తగదు. వాహనములు తిరుగని మైదానమున దినమునకు పావుగంట చొప్పున, మీటవైపు చూడకుండ అభ్యసించిన చేతికి అలవడును. కన్ను దారిమీదనే యుండవలెను.

ఘాట్ దారిలో

శృంగవరపుకోట దాటి అనంతగిరిమీదుగా అరకు పోవు దారియందు మలుపు తిరుగువరకు తరువాతి వాలు కానరాదు. అట్టిచోట వాలు మొదలిడకముందే ముందుచక్రమును చిన్నదానికి మార్చుకొని, ఎక్కుచున్నకొలది వెనుక గేర్లను ఒక్కొక్కటిగా తేలిక చేసికొనవలెను. ముందు పెద్దచక్రము, వెనుక పెద్దచక్రము ఏకకాలమున వాడరాదు. రెండును మిక్కిలి చిన్నవైనను అంతే. చైను ఏటవాలుగా లాగబడి త్వరగా అరుగును.

బరువైన గేరులో ఎక్కుడు నడుమ చిక్కుకొనినచో పెనుగులాడరాదు. దారి అంచున దిగి, వెనుకచక్రమును లేపి, పెడలును చేతితో త్రిప్పుచు గేరు మార్చుకొనవలెను. త్రొక్కుచు ప్రక్కవానితో మాటలాడగలిగిన శ్రమ మితము. మాటకు మాటకు ఊపిరాడకున్నచో ఇంకను తేలిక గేరు కావలెను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు వైద్యుని అడుగక ఘాట్లు ఎక్కరాదు. ఛాతీలో బిగువు, ఎడమచేతికి లేదా దవుడకు ప్రాకు నొప్పి, కండ్లు తిరుగుట కనబడిన వెంటనే దిగి కూర్చుండి సహాయమునకు పిలువవలెను. శిఖరము మరునాడును అక్కడనే యుండును.

దిగునపుడు బరువైన గేరు మేలు. చైను బిగువుగా నుండి ఎగిరిపడదు. రెండు బ్రేకులును వాడవలెను. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను.

కొత్త సైకిలు తీగ కొన్ని వారములలో కొంచెము సాగును. అంతట గేరు నిలువక చైను టకటకలాడును. తీగ చివరనున్న చిన్న మరను పావుచుట్టు చొప్పున త్రిప్పి చూడవచ్చును. చైనును గుడ్డతో తుడిచి, సన్నని నూనె చుక్కలు వేసి, మిగిలినది తుడిచివేయవలెను. జిడ్డుకు దుమ్ము పట్టిన అది ఆకురాయివలె పండ్లను తినును. డెరైలరుపై మరి రెండు చిన్న మరలుండును. అవి చైను హద్దు దాటకుండ ఆపునవి. వాటిని తప్పుగా త్రిప్పిన డెరైలరు చక్రపు పుల్లలలో చిక్కుకొనును గనుక, వాటిని మరమ్మతు తెలిసినవానికే విడిచిపెట్టవలెను.