అమ్మమ్మ పాటను ఏ ఫైలులో దాచాలి?



బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దడం మీకు కొత్త కాదు. బొంతలను, రజాయిలను గట్టిగా చుట్టి తాడు కడితే చోటు కలిసొస్తుంది, ఏదీ పోదు. లారీలో చోటు చాలదని కొన్ని వస్తువులు వదిలేస్తే అవి కొత్త ఊళ్లో మనకు ఉండవు. పాటల ఫైళ్లను చిన్నవి చేసేదీ ఈ రెండు పద్ధతుల్లోనే.

ముందు అసలు సామాను ఎంతో చూద్దాం. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు. ఎడమ, కుడి కలిపి రెండు వరుసలు. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే నిమిషానికి 10 ఎంబీ పైమాటే. సాధారణంగా వేవ్ ఫైలు ఈ కొలతలను ఉన్నవున్నట్టు దాస్తుంది.

ఫ్లాక్ ఫైలుది రజాయి చుట్టే పద్ధతి. 2001లో వచ్చిన దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పాటను బట్టి ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది. విప్పితే ఒక్క బిట్టు కూడా తేడా ఉండదు.

ఎంపీ3ది వదిలేసే పద్ధతి. డోలు గట్టిగా మోగినప్పుడు దాని పక్కనున్న సన్నని ధ్వని మన చెవికి ఆనదు. అలాంటివాటిని తీసేసి ఫైలును చిన్నది చేస్తుంది. 128 కేబీపీఎస్‌లో నిమిషానికి సుమారు 1 ఎంబీ, 320లో సుమారు 2.4 ఎంబీ అవుతుంది. ఏఏసీ, ఓపస్ కూడా ఈ కోవలోవే.

ఒకసారి వదిలేసింది తిరిగి రాదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే ఫైలు పెరుగుతుంది కానీ నాణ్యత పెరగదు. ఎంపీ3ని మళ్లీ మళ్లీ ఎంపీ3గా మారిస్తే జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు ప్రతిసారీ కొంత పోతుంది.

మరి ఏది ఎంచుకోవాలి? సినిమా పాట మళ్లీ దొరుకుతుంది, ఫోనులో వినడానికి ఎంపీ3 చాలు. అమ్మమ్మ లాలిపాట, తాతయ్య పాడిన పద్యం ఇంకెక్కడా దొరకవు. ఇంటి బయట తెలుగు వినిపించని ఊళ్లో అవే మనకు సొంతూరు. పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వేవ్‌లో ఎక్కించి, ఫ్లాక్‌గా దాచండి. వినడానికి దాని నుంచి ఎంపీ3 నకలు తీసుకోండి. ఫోనులో ఇప్పటికే ఎం4ఏగా రికార్డు చేసి ఉంటే అదే మీ అసలు ప్రతి. దాన్ని మార్చకుండా అలాగే ఉంచండి.

ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. రెండు ప్రతులు రెండు చోట్ల పెట్టండి. ఒకటి లారీలో వెళితే రెండోది మీ చేతిసంచిలో ఉండాలి.

అభ్యాసం
1. 5 నిమిషాల పాట వేవ్‌లో సుమారు ఎన్ని ఎంబీలు? 128 కేబీపీఎస్ ఎంపీ3లో ఎన్ని?
2. ఈ సెలవుల్లో మీ ఇంటి పెద్దల పాట ఒకటి రికార్డు చేయండి. అందులో మీకు అర్థం కాని మాటలకు అర్థాలు వారినే అడిగి రాసుకోండి.