ముందు మాల్, తర్వాత ఊరు: మిసిసాగా కథ



మీ బంధువులెవరైనా టొరంటోలో విమానం దిగామని చెబితే, వాళ్ళు నిజానికి దిగింది పక్క ఊళ్ళో. పియర్సన్ ఎయిర్‌పోర్ట్ దాదాపుగా మిసిసాగా నగర పరిధిలోనే ఉంది. సోషల్‌లో పట్టణీకరణ పాఠం చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఇది చదవండి.

ముందు పేర్లు చూద్దాం. మిసిసాగా అన్నది అక్కడి మూలవాసుల పేరు. ఒంటారియో సరస్సు ఒడ్డున చేపలు పట్టి, వేటాడి బతికినవాళ్ళు. నగరం మధ్యగా పారే నది పేరు క్రెడిట్. పిల్లలు నవ్వుతారు గానీ, అది మన కిరాణా కొట్టు ఖాతా లాంటిదే. వ్యాపారులు సరుకులు అప్పుగా ఇచ్చి, తర్వాత జంతువుల తోళ్ళతో బాకీ రాబట్టుకునేవారు. 1805 నుంచి బ్రిటిష్ వాళ్ళతో జరిగిన ఒప్పందాల్లో మూలవాసుల భూమి చేయి దాటిపోయింది. 1847లో నది దగ్గర మిగిలిన ఊరిని కూడా వదిలి వెళ్ళారు. ఇప్పుడు ఆ నగరానికి ఉన్నది వాళ్ళ పేరే.

ఆ తర్వాత వందేళ్ళకు పైగా అక్కడున్నవి పొలాలు, పండ్ల తోటలు, చిన్న చిన్న ఊళ్ళు. వాటిని కలుపుతూ వచ్చి 1974లో నగరం చేశారు. అప్పటికి ఏడాది ముందే, 1973లో, పొలాల మధ్య స్క్వేర్ వన్ అనే పెద్ద షాపింగ్ మాల్ తెరిచారు. ఇక్కడ ఆగి పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: మన ఊళ్ళో మొదట ఏది వచ్చి ఉంటుంది? చెరువు, గుడి, సంత అంటారు. మిసిసాగాలో వరుస తిరగబడింది. మాల్ వచ్చిన 14 ఏళ్ళకు, 1987లో, దాని పక్కన సిటీ హాల్ కట్టి, ఇదే మా ఊరి నడిబొడ్డు అన్నారు.

ఆ సిటీ హాల్ ఫొటో పిల్లలకు చూపించండి, ముందే ఏమీ చెప్పకండి. గుండ్రంగా ఉన్న కౌన్సిల్ హాలు ధాన్యం నిల్వచేసే గాదె, క్లాక్ టవర్ గాలిమర, ఆఫీసుల భవనం రైతు ఇల్లు. మాయమైపోతున్న పొలాల రూపంలోనే నగరపాలక భవనం కట్టుకున్నారు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చిన కట్టడం ఇదే.

1979 నవంబర్ 10 రాత్రి అక్కడ ఒక గూడ్స్ రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్లు పేలాయి, ఒకదాన్నుంచి క్లోరిన్ లీకైంది. రెండు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఆసుపత్రులు కూడా ఖాళీ చేశారు. ఒక్కరు కూడా చనిపోలేదు. అప్పుడు మేయర్ హేజెల్ మెకాలియన్, పదవిలోకి వచ్చి ఏడాదే. కాలు బెణికినా పని ఆపలేదు. ఆమె 2014 దాకా, అంటే 36 ఏళ్ళు మేయర్‌గా ఉన్నారు. 2023లో 101 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆమెను అక్కడివాళ్ళు ఎంత మెచ్చుకున్నా, పిల్లలకు లెక్క రెండో వైపు కూడా చూపించాలి. కొత్త ఇళ్ళు కట్టే కంపెనీల నుంచి వసూలు చేసే రుసుములతో రోడ్లు, డ్రైనేజీ వేశారు. పన్నులు తక్కువ, చాలా ఏళ్ళు అప్పు లేదు. బాగుంది కదా? కానీ ఖాళీ స్థలం ఉన్నంతవరకే ఆ సూత్రం పనిచేస్తుంది. 1981లో జనాభా సుమారు 3 లక్షల 15 వేలు, 2001కి 6 లక్షల 13 వేలు. స్థలం అయిపోయింది. ఆమె పదవీకాలం చివరికి నగరం మళ్ళీ అప్పు చేయక తప్పలేదు. పైగా ఇళ్ళు ఒకచోట, కొట్లు ఇంకోచోట. పాల ప్యాకెట్‌కి కూడా కారు తీయాలి. డ్రైవింగ్ రాని పిల్లలకు, ముసలివాళ్ళకు అది చిన్న కష్టం కాదు.

పక్కకు పెరగలేని ఊరు పైకి పెరిగింది. 2012లో పూర్తయిన అబ్సల్యూట్ టవర్స్‌లో ఒకటి 56 అంతస్తులు, రెండోది 50. ఒక్కో అంతస్తూ కొంచెం తిరిగి, మెలిపెట్టిన గుడ్డలా కనిపిస్తాయి. జనం ముద్దుగా మార్లిన్ మన్రో అంటారు. డిజైన్ చేసింది చైనా ఆర్కిటెక్ట్ మా యాన్‌సాంగ్ సంస్థ. అయినా 2021 లెక్కల్లో జనాభా 7,17,961. అంతకు ఐదేళ్ళ ముందు 7,21,599. ఇప్పుడు హురాంటారియో వీధి వెంట 18 కిలోమీటర్ల ట్రామ్ లైన్ వేస్తున్నారు, దానికి మెకాలియన్ పేరే పెట్టారు.

పిల్లలకు పని: మ్యాప్‌లో స్క్వేర్ వన్ చుట్టూ పార్కింగ్ స్థలాలు వెతికి రంగు వేయాలి. తర్వాత పాత ఊరు స్ట్రీట్స్‌విల్ వీధి ఒకటి చూసి, అక్కడ ఇంటికీ కొట్టుకీ మధ్య ఎంత దూరమో కొలవాలి. రెండూ నోట్‌బుక్‌లో పక్కపక్కన గీసి పంపండి, క్లాసులో మాట్లాడుకుంటాం.