టెలిస్కోపు కొనే ముందు

మీ అమ్మాయో అబ్బాయో ఫోన్‌లో పాలపుంత ఫోటో ఒకటి చూపించి "నాకూ టెలిస్కోపు కావాలి" అంటే, సరేనని ఆ రాత్రే ఆర్డర్ పెట్టెయ్యకండి. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో ఉంటూ చుక్కలేమిటని కొట్టిపారెయ్యకండి కూడా. కింద బట్టల కొట్లు, పైన వాటాలు, ఆ పైన నీళ్ళ ట్యాంకులు, కేబుల్ వైర్లు ఉన్న పేటే మనది. కొట్లు కట్టేసేదాకా బోర్డుల వెలుతురు ఆకాశంలోకి ఎగజిమ్ముతూనే ఉంటుంది. అయినా మేడ మీద మొదటి ఏడాదికి సరిపడా పని ఉంది. దానికి డబ్బు అక్కర్లేదు. మేడ తాళం, వారానికి ఒకటి రెండు సాయంత్రాలు మీ తోడు ఉంటే చాలు.

ముందు గోడకున్న తెలుగు క్యాలెండర్ తియ్యండి. మనం పెళ్ళిళ్ళకూ వ్రతాలకూ చూసే తిథులే ఆకాశం చూసేవాళ్ళకు టైంటేబుల్. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా చందమామ సాయంత్రం పూటే ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాడు. వీధి దీపాలు అతన్నేమీ చెయ్యలేవు. పున్నమి చంద్రుడు అందంగా ఉంటాడు కానీ చూడ్డానికి ఏమీ ఉండదు, వెలుతురు ఎదురుగా పడి అంతా చదునుగా కనిపిస్తుంది. అష్టమినాడు వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా సాగి, కొండలు పైకి లేచి నిలబడతాయి. వినాయక చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలని ఇంట్లో పెద్దవాళ్ళంటే, దాని మీద పిల్లలతో పోట్లాట పెట్టించకండి. కథ విని అక్షింతలు వేసుకుని, మర్నాడు పంచమి చంద్రుణ్ణి చూడమనండి. నిజానికి అదే మంచి రోజు.

తర్వాత నక్షత్రాలు. ఇక్కడ మన పిల్లలకు ఒక లాభం ఉంది, దాన్ని మనం వాడుకోం. అశ్విని, భరణి, కృత్తిక అని ఇరవై ఏడూ పాఠంలా ఒప్పజెప్పే పిల్లల్లో, వాటిలో ఒక్కదాన్నయినా పైన చూసినవాళ్ళు తక్కువ. జనవరిలో ఏడెనిమిది గంటలకు తూర్పు వైపు తిరిగితే నారింజ రంగులో రోహిణి, దాని కింద ఎర్రగా ఆర్ద్ర, ఆ పక్కనే వరసగా మూడు చుక్కలు. పల్లెల్లో వాటిని గొర్రుకొయ్యలంటారు. ఏప్రిల్ సాయంత్రం మఖ నడినెత్తికి దగ్గరగా, స్వాతీ చిత్తా తూర్పున. మేలో రాత్రి కాస్త పొద్దుపోయాక ఆగ్నేయంలో ఎర్రటి జ్యేష్ఠ. అక్టోబరులో శ్రవణం. ఇవన్నీ కాంతిమంతమైనవే, సుల్తాన్ బజార్ వెలుగులోనూ దొరుకుతాయి. మన ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే అది సుమారు పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ళ లోపే. పక్కింటి గోడ అడ్డొస్తే కనిపించదు. దక్షిణాన అగస్త్యుడు ఫిబ్రవరి సాయంత్రం ఇంచుమించు అంతే ఎత్తులో, కానీ ఎంతో వెలుగుతో కనిపిస్తాడు.

పిల్లవాడి జన్మనక్షత్రం మీకు తెలుసు కదా. అది అతను పుట్టినప్పుడు చంద్రుడు ఉన్న చోటు. చంద్రుడు అక్కడికి ఇరవై ఏడు రోజులకోసారి వస్తూనే ఉంటాడు. "ఈ రాత్రి చంద్రుడు నీ నక్షత్రం దగ్గరికి వస్తున్నాడు" అని చెప్పి చూడండి, పిలవకుండానే మేడ ఎక్కుతారు. ఏ ఆశ్లేషో రేవతో అయితే నగరంలో కనిపించదు. అదీ మంచిదే, ఊరి బయటికి వెళ్ళడానికి ఒక కారణం దొరికినట్టు.

అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద, కోఠీలో పాత పుస్తకాల దుకాణాల్లో వెతికితే ఖగోళం పుస్తకాలు అప్పుడప్పుడూ దొరుకుతాయి. పాతదని వదిలెయ్యకండి. నక్షత్ర పటాలు యాభై ఏళ్ళ నాటివైనా కళ్ళతో చూసేందుకు పనికొస్తాయి, గ్రహాలు ఎక్కడున్నాయో చెప్పే పట్టికలు మాత్రం ఆ ఏడాదితోనే చెల్లిపోతాయి. గ్రహాలకు స్టెల్లేరియం లాంటి ఉచిత ప్రోగ్రాం వాడితే చాలు. నౌబత్ పహాడ్ మీద 1985 నుంచీ నడుస్తున్న బిర్లా ప్లానెటోరియంలో తెలుగులోనూ ప్రదర్శనలుంటాయి. నాంపల్లి నుంచి దూరమేమీ కాదు. మేడ మీద ముక్కలు ముక్కలుగా కనిపించే ఆకాశం మొత్తంగా ఎలా ఉంటుందో అక్కడ చూపించండి.

ఇక ఫోటోలు. పిల్లల అసలు మోజు దీనిమీదే, నిరుత్సాహపడేదీ ఇక్కడే. ఇంటర్నెట్‌లో చూసే నెబ్యులా ఫోటో గంటల తరబడి కాంతిని పోగుచేసి, కంప్యూటర్‌లో రాత్రులు కూర్చుని తీర్చిదిద్దినది. ఆ సంగతి ముందే చెప్పండి. లేకపోతే తమ మొదటి ఫోటోలో నారింజ రంగు మసక, మధ్యలో నాలుగు తెల్లటి చుక్కలు చూసి ఫోన్ మంచిది కాదనుకుంటారు, ఆ తర్వాత కొత్త ఫోన్ అడుగుతారు.

ఉన్న ఫోనే చాలు. కావలసింది కదలని స్టాండు. లేదంటే పిట్టగోడకు ఎడంగా ఒక ఇటుక, దానికి ఆనించిన ఫోన్. కెమెరాలో ప్రో మోడ్ తెరిచి, ఫోకస్‌ను అనంతానికి పెట్టి, వేలు తగిలి కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి. భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క గీతవుతుంది. అందుకు పాతవాళ్ళ లెక్క ఒకటుంది: 500ను లెన్స్ ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే వచ్చేన్ని సెకన్లు. మామూలు ఫోన్ ప్రధాన కెమెరా 25 మిల్లీమీటర్లకు సమానం అనుకుంటే ఇరవై సెకన్లు. ఊళ్ళో పొలం గట్టు మీద ఇది పనిచేస్తుంది. సుల్తాన్ బజార్‌లో ఇరవై సెకన్లు పెడితే ఆకాశం తెల్లబడిపోతుంది. ఇక్కడ మూడు నాలుగు సెకన్లతో ఆపి, అదే ఫోటోను పదహారు సార్లు తియ్యమనండి. చుక్క అన్నిట్లోనూ ఉంటుంది, గరుకుగా కనిపించే మచ్చలు మాత్రం ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడతాయి. డీప్‌స్కైస్టాకర్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో పదహారూ కలిపి సగటు తీస్తే ఆ గరుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఎందుకు తగ్గిందని మీ పిల్ల అడిగితే వర్గమూలం పాఠం అక్కడే అయిపోతుంది, ట్యూషన్ అక్కర్లేదు.

చందమామకు ఇదంతా తిరగేసి చెయ్యాలి. ఫోన్ దాన్ని తెల్లటి బిళ్ళ చేస్తుంది. తెర మీద చంద్రుణ్ణి తాకి వెలుతురు బాగా కిందికి లాగితే మచ్చలు బయటపడతాయి.

ఆకాశం ఫోటోలు తియ్యడం ఈ ఊరికి కొత్తేం కాదు. నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో వేధశాల మొదలుపెట్టాడు. సుల్తాన్ బజార్‌లో ఇప్పుడున్న గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, పుట్టిన ఏడాదీ అదే. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను తీసుకుని బేగంపేటలో నడిపింది. అప్పటికి పారిస్ నుంచి మొదలైన పెద్ద పని ఒకటి నడుస్తోంది: మొత్తం ఆకాశాన్ని గాజు పలకల మీద ఫోటో తీసి, ప్రతి చుక్క స్థానాన్నీ కొలవాలి. ఆకాశంలో ఒక పట్టీ మన వేధశాల, అంటే నిజామియా, వాటాకు వచ్చింది. 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో 1914 నుంచి ఏళ్ళ తరబడి పలకలు తీశారు, ఒక్కో చుక్కనూ చేత్తో కొలిచి సంపుటాలకు సంపుటాలు అచ్చేశారు. అందం కోసం తీసిన ఫోటోలు కావవి, కొలవడానికి తీసినవి. మీ పిల్లల ఫోటోలనూ అలాగే చూడండి. బాగుందా లేదా అనే మాట పక్కన పెట్టి, ఫలానా తేదీ, ఫలానా గంట అని నోట్‌బుక్‌లో రాయించండి. నెల తర్వాత అదే చోటు మళ్ళీ తీస్తే గురుడు ఎంత జరిగాడో వాళ్ళే కనిపెడతారు.

అదే వేధశాలలో పనిచేసిన ఒకాయన కొడుకు వేణు బాప్పు. ఇక్కడే పెరిగి, మన అబిడ్స్ పక్కనున్న నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్ళాడు. 1949లో తను తీసిన ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. అందరు పిల్లలూ అలా అవుతారని కాదు, అవ్వక్కర్లేదు కూడా. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది తండ్రి సంగతి: తన పని దగ్గరికి కొడుకును రానిచ్చాడు.

బేగంపేట చుట్టూ ఊరు పెరిగి వెలుతురు ఎక్కువయ్యాక, 1968 నాటికి పెద్ద టెలిస్కోపును ఇబ్రహీంపట్నం అవతల జాపాల్-రంగాపూర్‌లో పెట్టుకున్నారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. వేధశాలే ఊరి వెలుతురు తప్పించుకుని వెళ్ళాల్సి వచ్చిందంటే మన మేడ మీద పాలపుంత కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరే దారి. మే నెల అమావాస్య దగ్గర, డాబా మీద పక్కలు వేసుకున్నాక, పదకొండు దాటితే ఆగ్నేయం నుంచి పైకి లేస్తుంది. సంక్రాంతి సెలవుల్లో కృత్తికను బైనాక్యులర్‌తో చూపించండి. డిసెంబరు 13, 14 రాత్రుల్లో ఊళ్ళో ఉండే వీలుంటే జెమినిడ్ ఉల్కలకు ఏ పరికరమూ వద్దు, దుప్పటి చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే, ఆ నెలల్లో ఆసక్తి తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి.

కొన్ని విషయాల్లో మాత్రం మెతకగా ఉండొద్దు. బైనాక్యులర్‌తో గానీ టెలిస్కోపుతో గానీ సూర్యుడి వైపు చూడకూడదు, ఒక్క క్షణం కూడా. చవక టెలిస్కోపులతో పాటు కంటి దగ్గర బిగించే చిన్న నల్ల అద్దం ఇస్తారు, వేడికి అది పగులుతుంది, పిల్లల చేతికి రాకముందే తీసి పారెయ్యండి. గ్రహణానికి ఎక్స్‌రే ఫిల్ములూ మసి పట్టించిన గాజులూ వద్దు. అట్టలో సూది రంధ్రం చేసి నేల మీద బింబం పట్టడం క్షేమం. పాత మేడలకు పిట్టగోడలు పొట్టిగా ఉంటాయి, పైకి చూస్తూ వెనక్కి నడిచే అలవాటు మొదటి రోజే మానిపించాలి. ఆడపిల్లను రాత్రి మేడ మీదికి ఎలా పంపుతామని కొందరు అనుమానిస్తారు. పంపకండి, వెంట వెళ్ళండి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా చాలు, నిద్రా చదువూ చెడవు.

ఏడాది గడిచాక కూడా మేడ ఎక్కుతున్నారా? అప్పుడు కొనండి, ముందుగా 10×50 బైనాక్యులర్. గోడకు ఆనించి చూస్తే గురుడి పక్కన గెలీలియో 1610లో చూసిన ఉపగ్రహాలు కనిపిస్తాయి. శని వలయానికి మాత్రం టెలిస్కోపే కావాలి. పెట్టె మీద 525 రెట్లు అని రాసి ఉంటే దాన్ని అక్కడే వదిలెయ్యండి. 60 మిల్లీమీటర్ల అద్దం నూట ఇరవై రెట్లు దాటితే మసకే చూపిస్తుంది. అడగాల్సింది అద్దం వెడల్పు, స్టాండు ఊగుతుందా లేదా. అయిదారు అంగుళాల అద్దం ఉన్న రిఫ్లెక్టర్, బల్ల మీదో నేల మీదో కూర్చునే చెక్క పీఠంతో ఉన్నదైతే ఏళ్ళ తరబడి సరిపోతుంది. కొనేటప్పుడు పిల్లను వెంటబెట్టుకెళ్ళి, తనచేతే ఎత్తించి చూడండి. మన పేట ఇళ్ళ మెట్లు ఇరుకు, లిఫ్టులు ఉండవు. తను ఒక్కతే మూడో అంతస్తు పైకి మోసుకెళ్ళగలిగినదే తీసుకోండి.