వృద్ధులను, మంచంలో ఉన్నవారిని చూసుకునే కార్మికులకు: ఇంట్లో నిప్పు ప్రమాదం

చాండ్లర్ ఇళ్లలో వృద్ధులను, మంచం పట్టినవారిని, మతిమరుపు జబ్బు ఉన్నవారిని చూసుకునే పనికి వచ్చినవారు ఈ పాఠం తప్పక చదవవలెను. చదవడం రానివారికి తోటివారు చదివి వినిపించగలరు. పొగ వాసన తగిలితే మీరు లేచి పరిగెత్తగలరు. మీరు చూసుకునే మనిషి పరిగెత్తలేరు.

2018 డిసెంబరు 23 రాత్రి టెనెసీ రాష్ట్రం కొలియర్‌విల్‌లో ఒక ఇల్లు అంటుకుని, నల్గొండ జిల్లా నుంచి చదువుకు వచ్చిన ముగ్గురు తోబుట్టువులు, ఆ ఇంటి గృహిణి చనిపోయారు. ఆ ముగ్గురూ నడవగలిగిన పిల్లలే.

ఇంటి కప్పుకు ఉండే పొగ అలారం తాలింపు వేసినప్పుడల్లా మోగుతుంది. మనవాళ్లు విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు, లేదా ప్లాస్టిక్ కవరు కట్టేస్తారు. అలా చేయరాదు. పొయ్యి మీది ఫ్యాన్ వేసి, కిటికీ తెరవండి. నెలకొకసారి బటన్ నొక్కి చూడండి. ఆగి ఆగి "కీచ్" మంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. వెనకవైపు తయారైన తేదీ చూసి, 10 ఏళ్లు దాటితే అలారమే మార్చమనండి. ఇంటివారు తీసేయమంటే, "అమ్మా, రాత్రిపూట పెద్దాయన దగ్గర నేనొక్కదాన్నే ఉంటాను, అది ఉండనివ్వండి" అని చెప్పండి. అమెరికన్ రెడ్‌క్రాస్ వారు చాలాచోట్ల అలారాలు ఉచితంగా బిగిస్తారు.

ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి గదిలో దీపం, అగరబత్తి, సిగరెట్ వద్దే వద్దు. ఆక్సిజన్ తానుగా మండదు. కానీ బట్టల్లో, జుట్టులో చేరి చిన్న నిప్పురవ్వను కూడా పెద్ద మంట చేస్తుంది. నిప్పు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. దీపారాధన వేరే గదిలో చేసుకోమని చెప్పండి, పెద్దవాళ్లు కోప్పడినా సరే. ముక్కు దగ్గర వాసెలిన్ లాంటివి రాయకండి.

మతిమరుపు ఉన్నవారు బయటకు వెళ్లిపోతారని కొందరు తలుపుకు లోపలినుంచీ తాళం వేస్తారు. ఆ తాళంచెవి ఎక్కడుందో చీకట్లో కూడా మీ చేతికి తెలియాలి. మిమ్మల్ని లోపల ఉంచి బయట తాళం వేసుకుని వెళ్తుంటే మాత్రం ఊరుకోకండి, కాన్సులేట్‌కు తెలియజేయండి.

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. స్టవ్ ఆపి మూత పెట్టండి. మంట పెద్దదైతే దాని జోలికి పోకుండా మనిషిని పక్కకు దొర్లించి, కింద దుప్పటి వేసి, తలవైపు కొసలు పట్టుకుని లాగండి. బరువు తెలియాలంటే పగటిపూట ఒకసారి లాగి చూడాలి. వచ్చేటప్పుడు గది తలుపు మూయండి. పాస్‌పోర్టు కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి, కొత్తది వస్తుంది.

911కు ఫోన్ చేసి ముందు "ఫైర్" అనండి, తర్వాత అడ్రసు చెప్పండి. అడ్రసు ఫోన్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అనండి, ఫోన్ పెట్టేయకండి. మంటలు ఆర్పడానికి వచ్చేవారి పని వీసా చూడటం కాదు.

చాండ్లర్‌లో ఇంకో సంగతి. వేసవిలో 43 డిగ్రీలు దాటడం మామూలే, తారురోడ్డు 70 డిగ్రీల పైన కాలుతుంది. దానిమీద పడి చర్మం కాలినవారు ప్రతి ఏడూ ఫీనిక్స్ ఆసుపత్రులకు వస్తారు. బయటకు తెచ్చినవారిని రోడ్డు మీద పడుకోబెట్టకండి, గడ్డి మీదకో నీడకో చేర్చండి. రాత్రి పడుకునేముందు వారి చెప్పులు, మీ చెప్పులు మంచం పక్కనే పెట్టుకోండి.