ముందురాత్రే నానెయ్యాలి
పామిడిలో ఒక అంబలి కేంద్రం ఎలా నడుస్తుంది: నోటుపుస్తకం నుంచి చివరి గ్లాసు దాకా

ఎండాకాలంలో పొద్దు నడినెత్తికి రాకముందే పామిడి బస్టాండులో జనం నీడ వెతుక్కుంటారు. పక్కన పెన్న ఉంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసకే. బ్యాంకు పనికో, ఆసుపత్రికో పల్లెల నుంచి వచ్చిన అవ్వలు, తాతలు. బట్టల మూటలు ఎత్తి దించే హమాలీలు. బెంగళూరు బస్సు కోసం సంచులు ముందేసుకుని కూర్చున్న వలస కూలీలు. వీళ్లలో చాలామంది పొద్దున్నే ఏమీ తినకుండా బయలుదేరినవాళ్లు. హోటల్‌కు పోతే తిరుగు ఛార్జీకి తక్కువ పడుతుందని ఆకలి బిగబట్టుకుంటారు. "ఏమన్నా తిన్నావా అవ్వా?" అంటే "తింటి నాయనా" అంటారు.

ఆ మాట విని ఊరుకోలేక మొదలుపెట్టిన పని ఇది. ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా రోజుకు రెండు వందల గ్లాసుల రాగి అంబలి పోస్తాం. కదల్లేనివాళ్లకు ఇంటికి తీసుకెళ్లి ఇస్తాం. చేసేది పదిహేను, ఇరవై మంది: టైలర్లు, అంగళ్లవాళ్లు, ఒక రిటైర్డ్ టీచరు, కాలేజీ పిల్లలు. మీ ఊళ్లోనూ పెట్టుకోవాలనుకుంటే పనికొస్తుందని, మేము చేసే తీరు మొదటి నుంచి చివరి దాకా వరసగా చెబుతాను.

1. ముందు పుస్తకం, తర్వాత పొయ్యి

శివరాత్రి వెళ్లగానే ఇద్దరిద్దరు వీధులు పంచుకుని తిరగాలి. చేతిలో నూరు పేజీల నోటుపుస్తకం ఉండాలి. ఒంటరిగా ఉండేది ఎవరు, మంచం దిగలేనిది ఎవరు, ఎవరింట్లో పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది? ఈ ప్రశ్నలు ఇంటికెళ్లి మొహం మీద అడిగేవి కావు. చిల్లర అంగడాయన్ను అడగండి, బియ్యం అరకిలో చొప్పున కొనేది ఎవరో ఆయనకు తెలుసు. పాలు పోసే అక్కను అడగండి, ఆశా కార్యకర్తను అడగండి.

ఈ నేల సంగతి తెలిస్తే పుస్తకంలో పేర్లు ఎందుకు పెరుగుతాయో అర్థమవుతుంది. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం గనక ఈశాన్య వాన మన దాకా వచ్చేసరికి పలచబడుతుంది. పడే నాలుగు చినుకులూ చెనక్కాయకు అదునులో పడకపోతే పంట పోయినట్టే. ఆ ఏడు వయసులో ఉన్నవాళ్లు బెంగళూరుకో కేరళకో పనికి పోతారు, ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు.

పుస్తకం రాసేటప్పుడు ఒక నియమం గట్టిగా పెట్టుకున్నాం: అర్హత పరీక్ష ఉండదు. 1876-78 నాటి ధాత కరువులో ఏం జరిగిందో ఈ సీమ మరిచిపోకూడదు. అప్పుడు మన ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. కరువు పనులకు వచ్చినవాళ్ల ఖర్చు తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన చిన్న నాణెం వచ్చేలా కూలిని కుదించాడు. ఆ తిండితో మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. ఎంత తక్కువతో మనిషి బతుకుతాడని కొలవబోయిన చోట జనం లక్షల్లో పోయారు. అందుకే మా దగ్గర రేషన్ కార్డు అడగం, కులం అడగం, ఊరు అడగం. గ్లాసు పట్టుకున్న చెయ్యి చాలు.

2. చోటు

నీడ, నీళ్లు, నాలుగు దార్లు కలిసే చోటు కావాలి. గుడి, మసీదు, చర్చి గేటు పక్కన గానీ, ఏ పార్టీ ఆఫీసు ముందు గానీ వద్దు. అక్కడికి రావడానికి మొహమాటపడే మనిషి ఒక్కరైనా ఉంటారు. వేపచెట్టు కిందైతే పందిరి ఖర్చు సగం తగ్గుతుంది. నగర పంచాయతీకి ఒక అర్జీ పెట్టి అనుమతి తీసుకోండి.

నీటి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఈ జిల్లా బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది, కాచినంత మాత్రాన అది పోదు. 1995-96లో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్లిచ్చిందంటే, ఇక్కడ దాహం ఎంత పెద్ద కష్టమో ఊహించుకోవచ్చు. తాగడానికైనా, అంబలి కాచడానికైనా శుద్ధి చేసిన నీళ్లే వాడతాం. గ్లాసులు కడిగే నీళ్ల డ్రమ్ము వేరు.

3. గింజలు, డబ్బు

రోజుకు అయిదు కిలోల రాగిపిండి. డెబ్బై రోజులకు మూడున్నర క్వింటాళ్లు. దీన్ని ఒక్క దాత మీద వేయొద్దు. ఆయన పేరున పెద్ద బోర్డు లేస్తుంది, ఆయన విసుగెత్తిన రోజు పొయ్యి ఆగుతుంది.

సీమలో ఒక్కడే గాదెలు తెరిచిన మహానుభావులు లేకపోలేదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఇంటి ముందుకొచ్చిన వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేరుతో ఆయనకు బంగారు పతకం వచ్చింది. అంతటి గాదె మన దగ్గర లేదు గనక, గాదెను ఇంటింటికీ పంచుకోవాలి. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మన ఆర్డీటీ, పల్లె ఇళ్లలో హుండీలు పెట్టించి, సాయం అందుకున్నవాళ్లే సాయం చేసే దారి చూపింది. మేమూ అంతే. ఇంటికొక డబ్బా ఇస్తాం. వంటకు గింజలు తీసే ప్రతిసారీ ఒక పిడికెడు అందులో వేస్తారు. రాగులైతే పిండి మరకు పోతాయి, బియ్యమైతే నూక పట్టించుకుంటాం.

వచ్చింది, ఖర్చయింది శనివారం శనివారం పందిరి దగ్గర నల్లబల్ల మీద రాస్తాం. పది రూపాయలిచ్చిన మనిషికీ తన పది ఎటు పోయిందో కనిపించాలి. పని నిలదొక్కుకున్నాక ఏడుగురు కలిసి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. అప్పుడు సంఘం పేరునే బ్యాంకు ఖాతా తెరవొచ్చు.

4. వంతులు

1952 కరువులో రాయలసీమ ఊళ్లలో గంజి కేంద్రాలు నడిచాయి. సైన్యం వచ్చి బావులు తవ్వింది. ఆ రోజుల మాట వచ్చినప్పుడు మా పెద్దవాళ్లు గంజి రుచి గురించి చెప్పేవాళ్లు కాదు, గంజి పోసే వేళ గురించి చెప్పేవాళ్లు. ఆ వేళ తప్పలేదు గనకే జనం నిలబడ్డారని వాళ్ల మాట.

అందుకే వంతుల పట్టిక ఈ పనికి వెన్నెముక. రోజుకు అయిదుగురు: రాత్రి నానేసేది ఒకరు, తెల్లారుజామున కాచేది ఇద్దరు, పోసేది ఇద్దరు. ప్రతి వంతుకూ మారు మనిషి పేరు పక్కనే ఉండాలి. రాలేకపోతే ముందురోజు సాయంత్రం అయిదులోగా ఫోన్ చేయాలి. ఒక్కరోజు పొయ్యి వెలగకపోతే, మనల్ని నమ్మి నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి ఖాళీ కడుపుతో వెనక్కి పోతాడు. అది అసలు మొదలుపెట్టకపోవడం కంటే పెద్ద తప్పు.

5. రాత్రి తొమ్మిది: నానెయ్యడం

మట్టికుండ గానీ స్టీలు గుండిగ గానీ తీసుకోండి. అల్యూమినియం వద్దు, పులుపుకు అది పనికిరాదు. పది లీటర్ల నీళ్లలో అయిదు కిలోల పిండిని కొద్దికొద్దిగా వేస్తూ చేత్తో ఉండలు చిదుముతూ కలపాలి. పలచటి గుడ్డ కట్టి పక్కన పెట్టాలి. ఎండాకాలంలో ఎనిమిది గంటలు చాలు. తెల్లారేసరికి పైన సన్నటి బుడగలు, కమ్మటి పులుపు వాసన ఉంటే పిండి సిద్ధమైనట్టు. ముక్కు పుటాలు అదిరేంత పులిస్తే తీసేయండి, మొహమాటం వద్దు.

రాగుల మీద మా పట్టుదలకు కారణం ఉంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పది దగ్గరే. ఎముకలు అరిగిన పెద్దవాళ్లకు, ఎండలో బరువు మోసేవాళ్లకు ఇంతకంటే చౌకైన బలం లేదు.

6. తెల్లారుజాము అయిదు: కాచడం

పాతిక లీటర్ల నీళ్లు తెర్లాలి. అందులో కడిగిన నూక ఒక కిలో వేసి మెత్తగా ఉడకనివ్వాలి. అప్పుడు పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో కలియబెట్టాలి. పోసే మనిషి వేరు, తెడ్డు పట్టే మనిషి వేరు. ఒక్కరే రెండూ చేస్తే అడుగంటుతుంది. నేను తెడ్డు పట్టిన మొదటి రోజు పొద్దెక్కుతోందని తొందరపడి పొడిపిండి నేరుగా మరుగుతున్న నీళ్లలో కుమ్మరించాను. పైకి ఉడికినట్టే ఉంది, గ్లాసులోకి వచ్చేసరికి లోపల పచ్చిపిండి ఉండలు. ఆ రోజు వచ్చినవాళ్లు ఒక్క మాటా అనకుండా తాగి వెళ్లారు. ఆకలిగా ఉన్న మనిషి వంక పెట్టడు గనక, వంక లేకుండా వండే బాధ్యత మనదే. ఆ రోజే అది నాకు తెలిసింది.

పది, పదిహేను నిమిషాలకు గుండిగలో అంబలి రంగు మారుతుంది. బూడిద రంగు పోయి ఎర్రమట్టి ఛాయ వస్తుంది, మీద సన్నటి మెరుపు తేలుతుంది. తెడ్డు ఎత్తితే ధార తెగకుండా జారాలి. తడిచేత్తో తాకితే అంటుకోకూడదు. అప్పుడు దించి, మూత వారగా పెట్టి ఆరనివ్వాలి.

మజ్జిగ వేడి మీద కలపొద్దు, విరిగిపోతుంది. అంతా ఒక్కసారి కూడా కలపొద్దు. మజ్జిగ పడ్డ అంబలి ఎండకు మూడు నాలుగు గంటల్లోనే చెడుతుంది. పదేసి లీటర్లు కుండలోకి తీసుకుని అప్పటికప్పుడు కలుపుకోవాలి. మొత్తం మీద పదిహేను లీటర్ల మజ్జిగ, పావుకిలో ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, కరివేపాకు, కొంచెం జీలకర్ర. పచ్చిమిరపకాయలు విడిగా గిన్నెలో. పళ్లు, కడుపు బాగాలేనివాళ్లు ఉంటారు. అంతా కలిస్తే యాభై లీటర్లు, పావు లీటరు చొప్పున రెండు వందల గ్లాసులు.

7. తొమ్మిదిన్నర: పోయడం

స్టీలు గ్లాసులే వాడాలి. వేడినీళ్లలో ముంచి, కడిగి, బోర్లించాలి. బెంచీలు ఉండాలి, నిలబెట్టి పోయకూడదు. "ఇంకొంచెం పొయ్యాలా?" అని మనమే అడగాలి, ఎందుకంటే రెండో గ్లాసు ఎవరూ నోరు తెరిచి అడగరు. వరసలు సరిచేసే కేకలు, మైకు, ఉపన్యాసం ఏవీ వద్దు. "తాతా, ఇట్లా నీడకు రా" అంటే చాలు.

ఫొటోలు అసలు వద్దు. తొలి రోజుల్లో ఒకరు ఫోన్ ఎత్తగానే ఒక పెద్దాయన భుజం మీది తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గ్లాసు మాత్రం చేతిలోనే ఉంది, తాగలేదు. ఫోన్ దించాక కూడా చాలాసేపు అలాగే ఉన్నాడు. ఒకప్పుడు పది మందికి పెట్టిన చెయ్యి అది. ఆ రోజు నుంచి పందిరి కింద ఎవరూ ఫోన్ బయటికి తీయరు.

8. ఇళ్లకు క్యారియర్లు

పుస్తకంలో మంచం పట్టినవాళ్లుగా రాసుకున్న ఇళ్లకు పదింటిలోగా సైకిల్ మీద అంబలి వెళ్లాలి. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు కలపకముందే విడిగా తీస్తాం. తీసుకెళ్లే పిల్లలకు ఒకటే చెబుతాం: క్యారియర్ గడప మీద పెట్టి రావద్దు, అయిదు నిమిషాలు కూర్చోండి. నీళ్ల కుండ నిండుగా ఉందా, నిన్నటి మాత్ర వేసుకున్నారా, కాళ్లు వాచాయా చూడండి. వచ్చాక పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి.

సాయంలో పెద్ద భాగం ఆ వాక్యాల్లోనే ఉంది. పింఛను ఆగిపోతే సచివాలయానికి తోడు వెళ్లే మనిషి కావాలి. జ్వరం మూడో రోజుకొస్తే సర్కారు ఆసుపత్రికి, కష్టమైతే 108కి, పెద్ద జబ్బయితే బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి దాకా తోడు కావాలి. ఇంట్లో పెద్దవాళ్లకు అన్యాయం జరుగుతుంటే 14567, ఎల్డర్‌లైన్ నంబరు. డాక్టరు పని, ఆఫీసరు పని మనం చేయలేం. ఆ గడప దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లగలం.

9. ఆపడం కూడా చెప్పే ఆపాలి

రోహిణి కార్తె ఎండలు దాటి మృగశిర చల్లబడ్డాక పందిరి తీసేస్తాం. ఆ తేదీ పదిహేను రోజుల ముందే బల్ల మీద రాస్తాం, వచ్చిన ప్రతి ఒక్కరికీ నోటితో కూడా చెబుతాం. ఇళ్లకు వెళ్లే క్యారియర్లు మాత్రం ఆగవు. అంబలి బదులు అన్నమో సంగటో వంతుల ఇళ్ల నుంచే వెళుతుంది. మిగిలిన పిండి, మిగిలిన రూపాయలు, కడిగి ఆరబెట్టిన గుండిగలు లెక్క రాసి, ముగ్గురి సంతకాలతో పుస్తకం మూస్తాం.

ఇంత రాశాక వెనక్కి చూసుకుంటే, జనం చూసేది తొమ్మిదిన్నరకు గ్లాసులోకి జారే అంబలినే. అది ముందురాత్రి ఎవరో నిద్ర మానుకుని నానేసిన పిండి, శివరాత్రికి ఎవరో రాసిన పేరు, ఎవరింట్లోనో డబ్బాలో పడ్డ పిడికెడు గింజ. ఆకలి వచ్చాక పరుగెత్తితే ఆలస్యమైపోతుంది. అది రాకముందే పొయ్యి దగ్గర మనిషి ఉండాలి.

ఈ రాత్రి వంతు నాది. అయిదు కిలోల పిండి, పది లీటర్ల నీళ్లు. తొమ్మిది కావస్తోంది, లేవాలి.