జ్వరం తగ్గాక దాహం పెరిగితే

వానలు మొదలై బడులు తెరిచాక మారేడ్‌పల్లిలోనైనా, సీతాఫల్‌మండిలోనైనా పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరికి జలుబో, జ్వరమో, విరేచనాలో ఉండనే ఉంటాయి. నాలుగు రోజుల్లో తగ్గిపోతాయి. కోవిడ్ తర్వాత మాత్రం చాలామంది తల్లిదండ్రులను ఒక భయం పట్టుకుంది: వైరస్ సోకితే పిల్లలకు షుగర్ వస్తుందట, నిజమేనా?

ముందు ధైర్యం చెప్పే మాట. వైరస్ జ్వరం రాని పిల్లలుండరు. వాళ్లలో దాదాపు అందరూ కోలుకుని ఎప్పటిలా ఆడుకుంటారు. మీరు భయపడే ఆ షుగర్, అంటే టైప్ 1 డయాబెటిస్, వచ్చేది చాలా కొద్దిమందికే. ప్రతి తుమ్ముకూ బెదిరిపోకండి.

అలాగని వైరస్‌కూ షుగర్‌కూ సంబంధం ఉందన్న మాట ఉత్త పుకారూ కాదు. గవదబిళ్లల తర్వాత మధుమేహం వచ్చిన సంగతిని 19వ శతాబ్దంలోనే నార్వే వైద్యుడొకరు రాసిపెట్టారు. గర్భంలో ఉండగా రుబెల్లా సోకిన పిల్లల్లో డయాబెటిస్ ఎక్కువగా కనిపించింది. 1979లో అమెరికా పరిశోధకులు, ఈ జబ్బు ముదిరి చనిపోయిన పదేళ్ల బాలుడి క్లోమం నుంచి కాక్సాకీ బి4 వైరస్‌ను వేరుచేశారు. అమెరికాలోనూ ఐరోపాలోనూ వేలమంది పిల్లలను పసితనం నుంచి గమనిస్తూ వచ్చిన ‘టెడ్డీ’ అధ్యయనం 2019లో ఇంకో సంగతి చెప్పింది. ఎంటెరోవైరస్ బి జాతి వైరస్‌లు పేగుల్లో ఎక్కువకాలం తిష్ఠ వేసిన పిల్లల్లో, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలపై శరీర రక్షణ వ్యవస్థే తిరగబడడం ఎక్కువగా కనిపించింది.

అయినా వైరస్ ఒక్కటే కారణమని తేలలేదు. మలేరియా సంగతి వేరు. 1897 ఆగస్టు 20న మన బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ జబ్బుకు దారి దొరికింది. టైప్ 1 డయాబెటిస్‌కు అంత సూటి దారి లేదు. పుట్టుకతో వచ్చిన జన్యువులూ, చుట్టూ ఉన్న పరిసరాలూ కలిసి పనిచేస్తాయి. పైగా బీటా కణాల నాశనం నెలల ముందే, ఒక్కోసారి ఏళ్ల ముందే మొదలవుతుంది. జ్వరంలో శరీరానికి ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది కాబట్టి, లోపల దాగిన లోటు అప్పుడు బయటపడుతుంది. అందుకే ‘వానలో తడవనిచ్చాను, మిఠాయిలు పెట్టాను, నా వల్లే వచ్చింది’ అని ఏ తల్లీ కుమిలిపోవద్దు. ఈ జబ్బు మీ పెంపకం వల్ల రాదు.

మీ చేతిలో ఉన్నది గమనించడం. జ్వరం తగ్గాక కూడా బిడ్డ చెంబులకొద్దీ నీళ్లు తాగుతున్నా, మాటిమాటికీ మూత్రానికి వెళ్తున్నా, పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా దాన్ని ‘జ్వరం నీరసం’ అనుకోకండి. దిష్టి తీసి ఊరుకోకండి. ఓపిక వస్తుందని గ్లూకోజ్ నీళ్లో కూల్‌డ్రింకో పట్టకండి. అదే రోజు వేలికొసన చుక్క రక్తంతో షుగర్ చూపించండి. ఈ లక్షణాలుండి, ఏ వేళ చూసినా 200 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఆసుపత్రికి వెళ్లడం మర్నాటికి వాయిదా వేయకండి.

వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట మాగిన పండు వాసన, మత్తు: ఇవి కనిపిస్తే ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. 108కి ఫోన్ చేయండి, లేదా గాంధీ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి నేరుగా వెళ్లండి. పైకి చూస్తే ఇది అజీర్తిలానో, నిమ్ములానో ఉంటుంది. అందుకని ‘మా బిడ్డకు షుగర్ కూడా చూడండి డాక్టర్ గారూ’ అని మీరే అడగండి. అలా అడగడంలో తప్పులేదు.

టీకాలు మానొద్దు. తట్టు-రుబెల్లా, రోటావైరస్ టీకాలు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. గవదబిళ్లల టీకా ఆ జాబితాలో లేదు కాబట్టి ఎంఎంఆర్ గురించి మీ పిల్లల డాక్టరును అడగండి. ఇవి డయాబెటిస్‌ను ఆపుతాయని మాట ఇవ్వలేను. అవి ఆపే జబ్బుల కోసమే వేయించినా చాలు. మలవిసర్జన తర్వాత, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఎంటెరోవైరస్‌లు ఎక్కువగా ఆ చేతుల మీదుగానే పాకుతాయి.

ఒకవేళ జబ్బు తేలితే కుంగిపోకండి. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇలాంటి పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. ఇవాళ వాళ్లు చదువుకుంటున్నారు, ఆడుతున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఆకుపసర్లను నమ్మి ఇన్సులిన్ ఆపకండి. జ్వరమొచ్చి అన్నం తినకపోయినా పూర్తిగా మానొద్దు, మోతాదు డాక్టరును అడిగి మార్చండి. పైన చెప్పిన లక్షణాలను బడిలో టీచరమ్మకూ, ఇంట్లో నానమ్మకూ, అమ్మమ్మకూ చెప్పి ఉంచండి. బిడ్డను కనిపెట్టుకుని ఉండేవాళ్లందరికీ ఈ లక్షణాలు తెలిసి ఉంటే, చికిత్స సకాలంలో అందుతుంది.