అద్దె యిల్లు – అడ్వాన్సు లెక్క



పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె యింట కాపురముండెనని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయములో చదువుచున్నాము. ఆ యింటికి అడ్వాన్సు ఎంత కట్టెనో వ్రాయబడలేదు. మన సంఘములలో కూలి పనికి, కంపెనీ పనికి వచ్చిన కుటుంబములకు మొదట ఎదురగు ప్రశ్న మాత్రము అదే.

నల్లబల్ల మీద వేయదగిన లెక్క ఒకటి చూడుడి. హోసూరు వంటి ఊరిలో చిన్న యింటికి నెలకు 4,000 రూపాయలు అద్దె అనుకొందము. బెంగళూరు అలవాటు చొప్పున పది నెలల అడ్వాన్సు అడిగినచో 40,000. చేతిలో లేనివాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చును. నెలకు వడ్డీయే 1,200. అనగా అతడు నిజముగా కట్టునది 5,200. రెండు నెలల అడ్వాన్సే అయినచో 8,000కు వడ్డీ 240 మాత్రమే. కాబట్టి అద్దెలో వంద తగ్గించుమని బ్రతిమాలుటకంటె అడ్వాన్సు తగ్గించుమని అడుగుట మేలు.

2021లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు పంపిన మాదిరి అద్దె చట్టములో కాపురపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదని యున్నది. అది మాదిరి మాత్రమే. రాష్ట్రము చేసికొననిదే అమలు కాదు. తమిళనాడు 2017 చట్టములో, వేరే ఒప్పందము లేనియెడల, మూడు నెలలు. ఆ "వేరే ఒప్పందము" అను మాటలోనే చిక్కంతయు ఉన్నది.

భోగ్యమునకు దిగువారు మరింత జాగ్రత్తపడవలెను. పెద్ద మొత్తము ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండ ఉండుట బాగుగానే తోచును. యజమాని బ్యాంకుకు బాకీపడి యిల్లు వేలమునకు వచ్చినచో ఆ సొమ్ము రాబట్టుట బహు కష్టము.

నేనును వెనుక పోర్షను అద్దెకిచ్చినవాడనే. ఇద్దరు పిల్లలతో ఒక విధవరాలు వచ్చి అడ్వాన్సు మూడు విడతలుగా ఇచ్చెను. మనవారే గదా అని రశీదు వ్రాయలేదు. ఖాళీ చేయునాడు ఆమె 18,000 అనెను, నేను 15,000 అంటిని. ఆమె వాదింపక వెళ్లెను. నెల దాటిన తరువాత మా యింటి పాల లెక్కల పుస్తకములో మూడు విడతలును కనబడెను. మిగిలిన 3,000 తీసికొనిపోయి ఇచ్చితిని. ఆమె నా యెదుటనే లెక్కపెట్టుకొనెను. పూర్వమెన్నడును ఆలాగు చేయలేదు.

వచ్చే కూడికలో ఇండ్లు అద్దెకిచ్చినవారును, అద్దెకున్నవారును కలిసి కూర్చుండి పై లెక్కను తమ తమ అంకెలతో వేసికొనవలెను. అగ్రిమెంటు కాగితములు తెచ్చుకొనుడి. అవి తమిళములోనో కన్నడములోనో ఉండును. చదువలేక వ్రేలిముద్ర వేసినవారికి మన యువకులు తెలుగున చదివి వినిపింతురు.